గేరు మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ పాత బళ్ల గేర్ల మీదే. చాలావాటిలో ఉన్నది ఒకే సందేహం: "గేర్‌బాక్సు పోయిందంటున్నారు, నిజమేనా?" గేర్‌బాక్సు దించడం చిన్న పని కాదు. దించకముందే తెలిసిపోయేది చాలా ఉంటుంది. గొడవ ఇంజిన్ ఆగి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఒక్క గేరుకా, అన్నిటికా? యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా? ఉత్తరం రాసేటప్పుడు ఈ నాలుగూ రాస్తే సగం పని మీరే చేసిపెట్టినట్టు.

ప్రశ్న: మా కారు వయసు 18 ఏళ్లు. ఇంజిన్ నడుస్తుంటే ఒకటో గేరు బలంగా నెడితే గానీ పడదు. రివర్సు కర్రుమంటుంది. ఇంజిన్ ఆపితే మాత్రం అన్ని గేర్లూ వెన్నలా పడుతున్నాయి. గేర్‌బాక్సు దించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఇంజిన్ ఆపితే పడుతున్నాయన్న ముక్కతో రోగం మీరే చెప్పేశారు. లోపల గేర్లని జరిపే ఫోర్కు వంగినా, లివర్‌ని గేర్‌బాక్సుకి కలిపే లింకేజీ బిగుసుకున్నా ఇంజిన్ ఆపినంత మాత్రాన గేరు తేలిగ్గా పడదు. గేరు పడేముందు వేగాలు సమానం చేసే సింక్రో రింగు అరిగితే ఏవో ఒకటి రెండు గేర్లే గొడవ చేస్తాయి, అదీ బండి కదులుతున్నప్పుడు. నిలబడి ఉన్న బండిలో, ఇంజిన్ నడుస్తుంటేనే మొరాయిస్తోందంటే క్లచ్ పూర్తిగా విడటం లేదు. పెడల్ అడుగంటా తొక్కినా క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌ని (ఇంజిన్‌తోపాటు తిరిగే చక్రం) రాసుకుంటూనే ఉంది, గేర్‌బాక్సు లోపలి షాఫ్టు తిరుగుతూనే ఉంది. చాలా పాత బళ్లలో రివర్సుకి సింక్రో ఉండదు కాబట్టి ముందు అరిచేది అదే.

ఖాయం చేసుకోవడానికి, ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ పూర్తిగా తొక్కండి. పది లెక్కపెట్టి రివర్సు వేయండి. నిశ్శబ్దంగా పడితే క్లచ్ విడుతున్నట్టే. ఇన్నాళ్లూ తొక్కిన వెంటనే వేస్తున్నారేమో. లోపలి షాఫ్టు తిరగడం ఆగడానికి కొన్ని సెకన్లు పడుతుంది. పది లెక్కపెట్టాక కూడా కర్రుమంటే ప్లేటు ఇంకా పట్టుకునే ఉంది.

తర్వాత, మీది ఆయిల్ ఒత్తిడితో పనిచేసే క్లచ్ అయితే, పెడల్‌ని మూడు నాలుగుసార్లు గబగబా తొక్కి, చివరిసారి తొక్కి పట్టుకుని గేరు వేయండి. ఇప్పుడు సులువుగా పడిందా? అయితే ఆయిల్ లైనులో గాలి చేరింది, లేదా పెడల్ దగ్గర ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బర్లు ఒత్తిడి నిలపడం లేదు. దీనికి ఇంకో గుర్తు ఉంది. ఒకటో గేరులో క్లచ్ తొక్కి పట్టుకుంటే మొదట బాగానే ఉండి, అర నిమిషం గడిచేసరికి బండి తనంతట తానే ముందుకి పాకడం మొదలుపెడుతుంది. బయట ఒక్క చుక్క కారకపోయినా లోపలే ఆయిల్ వెనక్కి జారిపోతోందన్నమాట.

ఇక చేత్తో తడిమి చూడాల్సిన చోట్లు రెండు. పెడల్ రాడ్డు మాస్టర్ సిలిండర్‌లోకి దూరే చోట వేలు పెట్టి చూడండి, పొడిగా ఉండాలి. కింద గేర్‌బాక్సు పక్కన ఉండి, ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచు కొద్దిగా లేపండి. దుమ్ము రాలితే మంచిదే. నల్లటి తడి కనిపిస్తే సీలు పోయింది. ఆ తర్వాత ఒకరు పెడల్ తొక్కుతుంటే స్లేవ్ రాడ్డు ఎంత దూరం కదులుతోందో స్కేలు పెట్టి కొలవండి. ఆ బండి మాన్యువల్‌లో ఇచ్చిన అంకె కంటే రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గినా రివర్సు అరవడానికి చాలు. ఆయిల్ కారకపోయినా, గాలి లేకపోయినా దూరం తగ్గుతుంటే రబ్బరు గొట్టాన్ని అనుమానించండి: ముసలి గొట్టం ఒత్తిడికి ఉబ్బి, పెడల్ కదలికలో కొంత తనే మింగేస్తుంది.

గాలి తీయడం ఇద్దరి పని. స్లేవ్ సిలిండర్ నిప్పిల్‌కి సన్నని పారదర్శక గొట్టం తొడిగి, రెండో చివర కొంచెం బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో మునిగేలా పెట్టండి. ఒకరు పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిప్పిల్ పావు చుట్టు వదిలి బుడగలు పోయాక బిగించాలి. బిగించాకే పెడల్ వదలాలి. ఈ వరస తప్పితే పోయిన గాలి మళ్లీ లోపలికే వస్తుంది. బుడగలు ఆగేదాకా చేయండి, పైన డబ్బా ఎప్పుడూ ఖాళీ కానివ్వకండి. పోయాల్సింది డబ్బా మూత మీద రాసిన రకమే, సాధారణంగా డాట్-3 లేదా డాట్-4. పొరపాటున ఇంజిన్ ఆయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో పోశారా, వ్యవస్థలోని రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, మార్చడం తప్ప దారి ఉండదు.

మీది కేబుల్ క్లచ్ అయితే ఇదంతా అక్కర్లేదు. పెడల్‌కి ముందు ఉండే వదులు చూడండి. అది ఎక్కువైతే క్లచ్ విడదు, అసలే లేకపోతే క్లచ్ జారుతుంది. కేబుల్ చివర ఒక్క పోగు తెగి కనిపించినా బిగించి వాడుకోవద్దు, మార్చేయండి.

రాడ్డు కావలసినంత కదులుతున్నా గొడవ పోకపోతే అప్పుడు దించాల్సిందే. లోపల వంగిన ప్లేటు, తుప్పుపట్టి ప్లేటుని జారనివ్వని స్ప్లైన్లు (షాఫ్టు మీది గాళ్లు), అరిగిన రిలీజ్ ఫోర్కు, పట్టేసిన పైలట్ బేరింగ్ (షాఫ్టు ముందు కొసని మోసేది) వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న బండైతే ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి అంటుకుపోయి కూడా ఉండొచ్చు.

ప్రశ్న: రెండో గేరు ఒక్కటే గొడవ. పొద్దున్నే మొదటి రెండు మూడు కిలోమీటర్లు కర్రుమని పడుతుంది, వేడెక్కాక ఫర్వాలేదు. ఈ మధ్యే గేర్ ఆయిల్ మార్పించాను, ఇంకా పెరిగింది. మంచి ఆయిలే పోశామన్నారు.

జవాబు: అన్ని గేర్లూ అరిస్తే క్లచ్, ఒక్క గేరే అరిస్తే ఆ గేరు సింక్రో. ఇది నూటికి నూరుపాళ్లు కాకపోయినా తొంభై పాళ్లు నిలబడే లెక్క. రెండో గేరే ముందు అరగడంలో వింతేమీ లేదు. ఒకటి నుంచి రెండుకి, మూడు నుంచి రెండుకి మారేటప్పుడు వేగాల తేడా ఎక్కువ, ఆ తేడా అంతా సింక్రోలోని ఇత్తడి రింగే భరించాలి.

ఆ రింగు చేసే పని చెబితే మీ ఆయిల్ సంగతి కూడా తేలిపోతుంది. రింగు లోపలివైపు సన్నని గాట్లుంటాయి. గేరు వేసేటప్పుడు అది గేరు మీది కోన్‌ని పట్టుకుని రాపిడితో రెండింటి వేగం సమానం చేస్తుంది. అప్పుడే గేరుని షాఫ్టుకి కలిపే స్లీవ్ పళ్లు లోపలికి దిగుతాయి. ఆ గాట్లు మధ్యలోని ఆయిల్ పొరను కోయాలి. ఆయిల్ చిక్కగా ఉంటే పొర తెగదు, చల్లటి పొద్దున గొడవ అందుకే. ఆయిల్ మరీ జారుడుదైనా రింగు పట్టదు. "మంచి ఆయిల్" అన్నది ఇక్కడే తిరగబడుతుంది. డబ్బా మీద జీఎల్-5 అని ఉండే గేర్ ఆయిల్ రకం, చక్రాలకి శక్తి పంచే వెనక డిఫరెన్షియల్‌లో ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగే హైపాయిడ్ పళ్ల కోసం తయారైంది. దానిలో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు జీఎల్-4లో ఉన్నదానికి దాదాపు రెండింతలుంటాయి. సింక్రోకి ఆ జారుడు పనికిరాదు, కొన్ని రకాలు ఇత్తడిని తినేస్తాయి కూడా. డబ్బా మీద పెద్ద అంకె కనబడితే మెరుగైన సరుకనుకుని పోసేస్తుంటారు. మీ మాన్యువల్‌లో జీఎల్-4 అని, 75డబ్ల్యూ-90 అనో 80డబ్ల్యూ అనో ఉంటే అదే పోయించండి. కొన్ని గేర్‌బాక్సులకు ఇంజిన్ ఆయిలో ఏటీఎఫో (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) పోయమని కంపెనీయే చెబుతుంది, వాటిలో చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే సరిగ్గా మీరు చెప్పిన లక్షణమే వస్తుంది.

మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్ విప్పండి. ఉన్న ఆయిల్ అంతా దింపేశాక పై ప్లగ్ రాకపోతే బండి కదలడానికి లేదు. కొద్దిగా నడిపి గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపితే అడుగున పేరుకున్నది కూడా కారిపోతుంది. చాలా గేర్‌బాక్సుల్లో, బండి సమంగా నిలబెట్టి ఫిల్లర్ రంధ్రం కింది అంచు దగ్గర ఆయిల్ వేలికి తగిలేదాకా పోయడమే కొలత.

దిగిన ఆయిల్‌ని పారబోయకండి. తెల్లటి పళ్లెంలో పోసి వెలుతురులో చూడండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకోవడం మామూలే. పెళుసుగా విరిగిన ముక్క ఉంటే అది గేరు పన్నో, బేరింగ్ ముక్కో. ఆయిల్‌లో బంగారు రంగు మెరుపు పొడి తేలుతుంటే అది ఇత్తడి, అయస్కాంతానికి అంటదు. వేలికి రాసుకుంటే గీతల్లో మెరుస్తుంది. మీ రింగు అక్కడికి చేరుతోందన్నమాట.

సరైన ఆయిల్ పోసి ఓ 500 కిలోమీటర్లు నడిపి చూడండి. తగ్గితే సరే. తగ్గకపోతే రింగు మార్చాలి. విప్పినప్పుడు రింగుని కోన్ మీద చేత్తో నొక్కి, రింగు పళ్లకీ గేరు పళ్లకీ మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) పెట్టి చూస్తారు. చాలా గేర్‌బాక్సుల్లో కొత్తప్పుడు ఆ సందు 1 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది, సగానికి తగ్గితే మార్చమంటారు. ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూసుకోవాలి. రింగుతోపాటు స్లీవ్ పళ్ల కొసలు కూడా చూడమనండి. పెన్సిల్ ముక్కులా కోసుగా ఉండాల్సినవి మొద్దుబారితే కొత్త రింగు ఎన్నాళ్లో ఆగదు.

ప్రశ్న: యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఐదో గేరు దానంతటదే న్యూట్రల్‌కి వచ్చేస్తోంది. చేత్తో పట్టుకుని నడుపుతున్నాను.

జవాబు: ముందు ఆ చెయ్యి తీసేయండి. మీరు లివర్‌ని పట్టి నొక్కిన బలమంతా లోపల ఫోర్కు కొసల మీద పడుతుంది. అవి తిరుగుతున్న స్లీవ్ గాడిలో రాసుకుని ఇంకా అరుగుతాయి. పూర్తిగా బాగు చేసేదాకా నాలుగో గేరులోనే నడపండి.

గేరు ఊడటానికి కారణాలు పైనుంచి లోపలికి వెతకాలి. లివర్ కింది రబ్బరు తొడుగు కొత్తగా వేశారా? బిగువుగా ఉంటే అదే లివర్‌ని వెనక్కి లాగుతుంది. దాన్ని విప్పి ఒకసారి నడిపి చూడటానికి ఖర్చేమీ లేదు. తర్వాత ఇంజిన్, గేర్‌బాక్సు మౌంటింగులు. బానెట్ తెరిచి, బండి ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసి, హ్యాండ్‌బ్రేకూ కాలి బ్రేకూ రెండూ పట్టి ఒకటో గేరులోనూ రివర్సులోనూ లోపల కూర్చున్నవారిని క్లచ్ కొద్దికొద్దిగా వదలమనండి. మీరు పక్కనుంచి చూడండి. ఇంజిన్ ఒక పక్కకి అంగుళం పైన లేస్తుంటే మౌంటింగ్ తెగింది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకవైపు, వదిలినప్పుడు ఇంకోవైపు ఇంజిన్ ఊగుతుంది, లివర్ మాత్రం బాడీకి బిగించి ఉంటుంది, మధ్యలో రాడ్డు లాగడంతో గేరు ఊడుతుంది. లింకేజీ బుష్‌లు అరిగి ఉంటే గేరు అసలు పూర్తిగా పడకుండానే పడ్డట్టు అనిపిస్తుంది. కిందికి దూరి, ఇంజిన్ ఆపి, గేర్‌బాక్సు దగ్గరి రాడ్డునే చేత్తో ఐదో గేరులోకి తోయండి. లివర్‌తో వేసినదానికంటే ఇంకాస్త లోపలికి వెళ్లిందంటే తప్పు బుష్‌లది, లేదా రాడ్డు సర్దుబాటుది.

ఇవన్నీ బాగుంటే తప్పు లోపలిది: గేరు పట్టుని ఆపే స్ప్రింగు-గుండు బలహీనపడటం, ఫోర్కు అరగడం, స్లీవ్ పళ్లు గుండ్రబడటం, షాఫ్టు బేరింగ్ వదులవడం. ఒక ఊరట ఏమిటంటే, ముందు చక్రాలతో నడిచే చాలా బళ్లలో ఐదో గేరు గేర్‌బాక్సు చివర మూత కింద విడిగా ఉంటుంది. గేర్‌బాక్సు దించకుండానే ఆ మూత విప్పి ఫోర్కు, స్లీవ్, రింగు మార్చొచ్చు. మీ మోడల్ అలాంటిదేనా అని ముందు అడగండి.

ప్రశ్న: న్యూట్రల్‌లో గుర్రుమంటుంది, క్లచ్ తొక్కగానే ఆగిపోతుంది. రిలీజ్ బేరింగ్ మార్చినా పోలేదు.

జవాబు: పోదు. క్లచ్‌ని నొక్కి విడదీసేది రిలీజ్ బేరింగ్, దాని శబ్దం క్లచ్ తొక్కినప్పుడు వస్తుంది, మీది తొక్కితే ఆగుతోంది. క్లచ్ తొక్కితే ఆగేది గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు కాబట్టి దాని బేరింగ్ చూడాలి. విప్పేముందు ఆయిల్ మట్టం చూడండి, తక్కువగా ఉంటే అదే దాన్ని తినేసి ఉంటుంది. వెనక చక్రాలతో నడిచే నాలుగు గేర్ల పాత బళ్లలో ఒకటి, రెండు, మూడు గేర్లలో హోరు వచ్చి నాలుగులో తగ్గిపోతే కింది కౌంటర్ షాఫ్టు బేరింగుల్ని అనుమానించాలి. నాలుగో గేరు డైరెక్టుగా పోతుంది, ఆ షాఫ్టు మీద బరువు పడదు.

ప్రశ్న: ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ హోరెత్తుతుంది, బండి మాత్రం లాగదు. ప్లేటు మార్చి ఏడాదే అయింది.

జవాబు: క్లచ్ జారుతోంది. ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో 50 వేగంతో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ చప్పుడు వేగాన్ని వదిలేసి పైకి పోతే ఇక సందేహం లేదు. ఒక్కసారే చేయండి, పదే పదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది.

ఏడాదికే వచ్చిందంటే ప్లేటుది తప్పు కాకపోవచ్చు. పెడల్‌కి వదులు ఉందా? లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ కొద్దిగా నొక్కే ఉంటుంది, మీరు పెడల్ మీద కాలు ఆనించి నడిపినట్టే. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య కింది భాగం తడిగా ఉందా? క్రాంక్ షాఫ్టు వెనక సీలు గానీ గేర్‌బాక్సు ముందు సీలు గానీ కారి ప్లేటు ఆయిల్ తాగింది. వాసన చూస్తే ఏ సీలో తెలుస్తుంది, గేర్ ఆయిల్‌కి ఘాటైన గంధకం వాసన ఉంటుంది. ఆయిల్ తాగిన ప్లేటుని పెట్రోలుతో కడిగి, కాల్చి మళ్లీ బిగించే అలవాటు ఉంది, వారం దాటదు. సీలు, ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఒకేసారి మార్చండి. ఫ్లైవీల్ మీద నీలిమచ్చలూ సన్నని పగుళ్లూ ఉంటే ముఖం చెక్కించి సాపు చేయించాలి. స్ప్లైన్లకి గ్రీజు పూతలా రాయాలి, ముద్దగా కాదు. ఎక్కువైతే తిరిగే వేగానికి చిమ్మి కొత్త ప్లేటు మీదే పడుతుంది.

ప్రశ్న: పాత ఆటోమేటిక్ కారు. పొద్దున్నే డీ (డ్రైవ్)లో పెడితే మూడు సెకన్ల తర్వాత గానీ కదలదు. ఆయిల్ గోధుమరంగులో ఉంది. మెషీన్‌తో మొత్తం ఫ్లష్ చేయించమంటున్నారు, కొందరేమో ముట్టుకోవద్దంటున్నారు.

జవాబు: ముందు మట్టం సరిగ్గా చూడండి. పదిహేను ఇరవై నిమిషాలు నడిపి, సమంగా ఉన్న చోట ఆపి, బ్రేకు తొక్కి లివర్‌ని అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి పీ (పార్క్)లో పెట్టండి. చాలా బళ్లలో ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ మట్టం చూసే కడ్డీ తీసి చూడాలి, కొన్నిటిలో ఆపాక చూడమని ఉంటుంది, మాన్యువల్ ప్రకారం చేయండి. మట్టం తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, గేరు ఆలస్యంగా పడుతుంది. ఎక్కువైనా తిరిగే భాగాలు చిలికి నురగ చేస్తాయి, ఫలితం అదే.

రాత్రంతా నిలిపిన బండి మొదటిసారి మాత్రమే ఆలస్యం చేసి తర్వాత బాగుంటే, టార్క్ కన్వర్టర్‌లోని (ఆటోమేటిక్‌లో పెడల్ క్లచ్ బదులు ఉండేది) ఆయిల్ కిందికి దిగిపోతోంది, లేదా గట్టిపడిన సీళ్లు చల్లగా ఉన్నప్పుడు పట్టడం లేదు. బండి దీనితో చాలాకాలం నడుస్తుంది. వేడెక్కాక కూడా ఆలస్యమైనా, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారి గాల్లోకి లేచినట్టు అరిచినా లోపలి క్లచ్‌లు అరిగాయి.

ఇక ఆయిల్. కడ్డీ తుడిచిన తెల్ల గుడ్డని వాసన చూడండి. గోధుమరంగు ఒక్కటే అయితే పాతబడిందంతే. మాడిన వాసన, గుడ్డ మీద నల్లటి నలుసులు ఉంటే క్లచ్‌ల పూత రాలుతోంది. అప్పుడు ఫ్లష్ చేసినా చేయకపోయినా అరిగిన ప్లేటు పెరగదు. ఫ్లష్ వల్లే పోయిందన్న నింద ఎక్కువగా అప్పటికే చావుబతుకుల్లో ఉన్నవాటి మీదే వస్తుంది.

మాడిన వాసన లేకపోతే మెషీన్ కంటే అడుగు పళ్లెం దింపి మార్చే పద్ధతే మేలు, ఎందుకంటే పళ్లెంలోని అయస్కాంతం కళ్లకి కనబడుతుంది. మెత్తటి బూడిద ముద్ద మామూలే. సూదుల్లాంటి ఉక్కు ముక్కలు మాత్రం మామూలు కావు. ఫిల్టర్ మార్చి, దిగినంత ఆయిల్ కొలిచి అంతే పోయండి. ఇలా చేస్తే మొత్తం మారదు, చాలా భాగం కన్వర్టర్‌లో ఉండిపోతుంది. మొత్తం 8 లీటర్లలో 3 దిగాయనుకుంటే మొదటిసారికి నూటికి 37.5 పాళ్లు కొత్తది. మధ్యలో రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపి రెండోసారి చేస్తే 61, మూడోసారికి 76. ఈ పాతకాలపు పెట్టెకి అది చాలు. ఏటీఎఫ్ రకం మాత్రం కడ్డీ మీదో మాన్యువల్‌లోనో రాసిందే కావాలి. ఆయిల్ స్ట్రాబెర్రీ పాల రంగుకి మారితే ఇదంతా ఆపి రేడియేటర్ చూడండి: లోపలి కూలర్ చిల్లుపడి నీళ్లు కలుస్తున్నాయి, ఆ బండిని ఇక స్టార్ట్ చేయకూడదు.

ప్రశ్న: ఇదీ పాత ఆటోమేటిక్కే. గేర్లు బాగా ఆలస్యంగా, కుదుపుతో మారుతున్నాయి. ఆయిల్ తగ్గుతోంది, కింద చుక్క లేదు. సైలెన్సర్ నుంచి తెల్ల పొగ.

జవాబు: ఇంజిన్ తాగుతోంది. ఆ తరం ఆటోమేటిక్‌లు కొన్నిటిలో వాక్యూమ్ మాడ్యులేటర్ అని చిన్న డబ్బీ ఉంటుంది, దాన్నుంచి ఇంజిన్ ఇన్‌టేక్‌కి సన్నని రబ్బరు గొట్టం పోతుంది. ఆ గొట్టాన్ని మాడ్యులేటర్ దగ్గర పీకి చూడండి. లోపల ఎర్రటి ఆయిల్ తడి ఉంటే డయాఫ్రమ్ చిరిగింది. మాడ్యులేటర్ మారిస్తే కుదుపు, పొగ, ఆయిల్ తగ్గడం మూడూ ఒకేసారి పోతాయి. గొట్టం పొడిగా ఉంటే చివర పగిలిందేమో చూడండి. ఆలస్యానికీ కుదుపుకీ ఆ పగులు చాలు, పొగకి మాత్రం వేరే కారణం వెతకాలి.

ప్రశ్న: స్టీరింగ్ కిందే గేరు ఉండే పాత బండి. ఒకటి నుంచి రెండుకి మార్చేటప్పుడు మధ్యలో ఇరుక్కుపోయి అటూ ఇటూ కదలదు.

జవాబు: ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, చక్రాలకి అడ్డం పెట్టి బానెట్ తెరవండి. స్టీరింగ్ కాలమ్ అడుగున రెండు చిన్న చేతులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, ఒకటి ఒకటో గేరూ రివర్సుది, రెండోది రెండూ మూడు గేర్లది. న్యూట్రల్‌లో అవి రెండూ ఒకే వరసలో ఉండాలి. ఇరుక్కున్నప్పుడు వాటిలో ఒకటి కొంచెం దిగి ఉంటుంది, దాన్ని చేత్తో పక్కదాని వరసకి తెస్తే లివర్ వదిలేస్తుంది. మళ్లీ మళ్లీ ఇరుక్కుంటుంటే రాడ్డుల చివర బుష్‌లు అరిగినట్టు. బుష్‌లు మార్చాక, రెండు చేతులూ ఒకే వరసలో ఉండగా రాడ్డుల నట్లు బిగించాలి. ముందు బిగించి తర్వాత సరిచూస్తే వరస మళ్లీ తప్పుతుంది.